శాంతి గులాబి

ఫ్రాన్సు దేశమున రోన్ నదీతీరమునందున్న లియోన్ నగరము పట్టునేతకు పేరుపొందినది. గులాబుల వలన ఆ నగరమునకు వచ్చిన పేరును అంతకు తక్కువది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి తోటలవారు పుట్టించిన క్రొత్త గులాబి రకములు వందలకొలదిగా కలవు. వారందఱును పుట్టుకచే తోటమాలులు కారు. ఫ్రాన్సిస్ డ్యూబ్రూయ్ అనునాతడు దర్జీ. బట్టలు కుట్టుచు, తీరికవేళల గులాబులు పెంచుచు, తుదకు సూదిని వదలి తోటపనినే వృత్తిగా గ్రహించెను. ఆయన కుమార్తె క్లోదియా. ఆయనయొద్ద తోటపని నేర్చుకొనుచుండిన ఆంత్వాన్ మెయాన్ అను యువకుడు ఆమెను వివాహమాడెను. 1912వ సంవత్సరమున ఆ దంపతులకు కుమారుడు కలిగెను. అతనికి తాతగారి పేరే పెట్టిరి. ఈ ఫ్రాన్సిస్ మెయాన్ పుట్టించిన ఒక గులాబిని గూర్చియే ఈ పాఠము.

ఆ గులాబి కథకు ముందు దాని వన్నె ఎచ్చటినుండి వచ్చినదో కొంత తెలిసికొనవలెను. ఐరోపాలోని పాత తోటలయందు తెలుపు, లేత ఎఱుపు, ముదురు ఎఱుపు గులాబులు మాత్రమే విరివిగా నుండెడివి. పెద్ద పువ్వులు పూచుచు, ఒకే ఏట మరల మరల పూచెడి రకములలో మంచి పసుపువన్నె లేకుండెను. పశ్చిమాసియా నుండి వచ్చిన పారశీకపు పసుపు గులాబి యొకటి యుండెను. కాని అది ఏడాదికొకమాఱే పూచును, ఇతర గులాబులతో సులభముగా కలియదు. లియోన్ వాస్తవ్యుడగు జోసెఫ్ పెర్నె-డ్యూషే అనేక సంవత్సరములు దానితోనే కుస్తీ పట్టెను. తుదకు 1900లో ‘సొలెయ్ దోర్’ అను రకమును లోకమునకిచ్చెను. ‘బంగారు సూర్యుడు’ అని ఆ పేరునకు అర్థము. నేడు మన తోటలలో కనబడు పసుపు, నారింజ వన్నెల గులాబులలో పెక్కింటి వంశము ఆ మొక్కనుండియే వచ్చినది. వన్నెతోపాటు ఒక చెడుగుణము కూడ వచ్చినది. ఆకులపై నల్లమచ్చలు పడి రాలిపోవు తెగులునకు ఆ సంతతి సులభముగా లోనగును. ప్రకృతి ఇచ్చునపుడు మనకు కావలసినది మాత్రమే ఏరి యిచ్చునది కాదు.

పెర్నె-డ్యూషేకు ఇద్దఱు కుమారులు. ఇద్దఱును మొదటి ప్రపంచయుద్ధమున మరణించిరి. 1920లో ఆయన పుట్టించిన ఒక పసుపు గులాబికి ‘సువెనీర్ ద క్లోదియుస్ పెర్నె’, అనగా ‘క్లోదియుస్ పెర్నె జ్ఞాపకము’ అని కుమారుని పేరుంచెను. ఈ పేరు మరల వచ్చును, గుర్తుంచుకొనవలెను.

ఫ్రాన్సిస్ మెయాన్ గులాబుల నడుమనే పెరిగెను. బడిచదువు అతనికి ఎక్కువగా అబ్బలేదు. సంకరము చేయు విద్యను షార్ల్ మలెరాన్ అను ఇంజనీరునొద్ద నేర్చుకొనెను. ఆ పెద్దమనిషియు డ్యూబ్రూయ్ వలెనే మఱియొక వృత్తినుండి గులాబుల లోనికి వచ్చినవాడే. పదునేడేండ్లు నిండకముందే ఫ్రాన్సిస్ స్వయముగా సంకరములు చేయ మొదలిడెను.

సంకరము చేయుట యనగా నేమి? గులాబి పువ్వులో స్త్రీభాగములును పురుషభాగములును ఒకేచోట నుండును. పువ్వు విప్పారినచో దాని పుప్పొడి దాని కీలాగ్రముపైనే పడవచ్చును, లేదా తుమ్మెద యేదియో తెలియని పువ్వు పుప్పొడిని తెచ్చి చల్లవచ్చును. అందుచే పెంపకందారుడు తల్లిగా నెంచుకొన్న పువ్వును, అది మొగ్గగా నుండగనే పట్టుకొనును. రేకులను మెల్లగా తీసివేయును. పుప్పొడి తిత్తులను చిన్న చిమటాతో ఒక్కొక్కటిగా త్రుంచివేయును. ఒక్కటి మిగిలినను శ్రమ వ్యర్థము. పిమ్మట కాగితపు టోపీ తొడిగి కట్టును. తండ్రిగా నెంచుకొన్న మొక్కనుండి తీసిన తిత్తులను ఒక గిన్నెలో ఆరనిచ్చి, అవి పగిలి రాలిన పసుపుపచ్చని పొడిని కుంచెతో అద్దుకొని, ఒకటి రెండు దినములలో జిగటగా మారిన కీలాగ్రములకు పూయును. మరల టోపీ కట్టును. కాడకు చీటి వ్రేలాడదీయును. ఆ చీటిమీద తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ వ్రాయును. వ్రాయనివానికి పువ్వు దొరకవచ్చును గాని విద్య దొరకదు.

తరువాత చేయవలసినది కనిపెట్టుకొని యుండుటయే. కాయ పండుటకు ఇంచుమించు నాలుగు మాసములు పట్టును. పండిన కాయలోని గింజలను తీసి, తడి యిసుకవంటి దానిలో కలిపి, చలిలో కొన్ని వారములుంచవలెను. చలికాలము గడచినదని తోచినగాని గులాబి గింజ మొలవదు. నాటినవానిలో పెక్కులు మొలవనే మొలవవు. మొలిచినవి కొన్ని వారములకే జానెడెత్తున నిలచి, వ్రేలిగోరంత పువ్వును పూయును. ఒకే కాయలోని గింజలైనను ఏ రెండు మొక్కలును ఒక తీరున నుండవు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు ఒకరినొకరు పూర్తిగా పోలనట్లే యిదియు. వందల మొక్కలలో నిలువదగినవి కొన్నియే. మిగిలినవానిని పెఱికి పారవేయవలెను. పారవేయు ధైర్యము లేనివాడు మంచి పెంపకందారుడు కాజాలడు. కాని ఆ చిన్న పువ్వును చూచి పెద్ద పువ్వు నూహించు కన్ను లేనివాడు మాణిక్యమును కూడ పారవేయగలడు.

1935లో మెయాన్ చేసిన సంకరములలో మూడవ వరుసది యొకటి కలదు. దాని తండ్రి ‘మార్గరెట్ మెక్‌గ్రెడీ’ అను ఎఱ్ఱని వన్నె గులాబి. తల్లి వైపున నాలుగు పేరుగల రకములు కలిసినవని పెంపకందారులు వ్రాసియుంచిన వంశావళి చెప్పుచున్నది. ఆ నాలుగింటిలో ఒకటి, పెర్నె-డ్యూషే తన కుమారుని జ్ఞాపకార్థము పేరు పెట్టిన పసుపు గులాబి.

ఆ వరుసలో మొలచిన నలువదవ మొక్కకు నోటుపుస్తకములో ‘3-35-40’ అను అంకె పడెను. మూడవ సంకరము, 1935వ సంవత్సరము, నలువదవ మొక్క అని దాని భావము. అది మొదట అంతగా కన్నులకు మిఱుమిట్లు గొల్పినది కాదు. దాని ఆకులు మాత్రము దళసరిగా, తోలువలె గట్టిగా, నూనె రాచినట్లు మెఱయుచుండెను. తండ్రి ఆంత్వాను చూపు ముందుగా దానిమీద నిలచినదని చెప్పుదురు. తండ్రీకొడుకులు దానిని అంటుకట్టి పెంచిరి. ఏటేట పువ్వు పెద్దదగుచు వచ్చెను. తుదకు జానెడంత వెడల్పున, నలువదికి పైగా రేకులతో, నడుమ లేత బంగారువన్నె, అంచుల గులాబివన్నె జీఱ గలిగిన పువ్వు వచ్చెను. విచ్చుచున్న కొలదియు పసుపు మీగడవన్నెలోనికి మారుచు, అంచుల ఎఱుపు హెచ్చుచుండును. సువాసన మాత్రము కొద్దిపాటిదే. మల్లెలు, సంపెంగలు ఎఱిగిన మన ముక్కులకు అది లోటుగానే తోచును.

1939 వేసవిలో వేర్వేరు దేశములనుండి లియోన్‌కు వచ్చిన గులాబి నిపుణులు తోటలో ఆ మొక్కలను చూచి నిలిచిపోయిరి. అప్పటికి దానికి పేరు లేదు, అంకె మాత్రమే. కొందఱు తమ దేశములలో పరీక్షించుటకు కొమ్మలు కోరిరి.

ఇచ్చట ఒక విషయమును స్పష్టముగా గ్రహింపవలెను. ఈ గులాబి గింజను నాటినచో ఈ గులాబి రాదు. మన బంగినపల్లి మామిడి టెంకను పాతిపెట్టినచో బంగినపల్లి రాకపోవుటయు ఈ కారణము చేతనే. గింజ యనగా తల్లిదండ్రుల గుణములు మరల క్రొత్తగా కలిసిన వేఱొక జీవి. ఉన్న గుణమును ఉన్నట్లు నిలుపుకొనవలెనన్నచో ఆ మొక్కయొక్క ముక్కనే బ్రతికింపవలెను. గులాబిలో ఇందుకు కన్ను అంటుకట్టుట యను పద్ధతి కలదు. ఆకుకాడ మొదట కొమ్మకు అంటియుండు చిన్న మొగ్గను కన్ను అందురు. దానిని పలుచని బెరడుతో సహా డాలు ఆకారమున చెక్కి తీసి, అడవి గులాబి కాండమున నేలకు దగ్గఱగా పెట్టిన గాటులో దూర్చి కట్టుదురు. రెండు మూడు వారములలో అది అతుకుకొనును. మఱుసటి వసంతమున అడవిమొక్క తలను ఖండించినచో, దాని వేళ్ళు త్రాగిన నీరంతయు ఈ కంటికే చేరును. అది చిగిర్చి క్రొత్త గులాబిమొక్క యగును. ఒక కొమ్మకు నాలుగైదు కన్నులుండును. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క మొక్క. ఆ మొక్కల కన్నులు మఱుసటి యేట పదులు, వందలు. అట్లు కొలది సంవత్సరములలో వేలకొలది మొక్కలు సిద్ధమగును.

కావున 1939లో ‘3-35-40’ అనునది లోకమంతటను ఒక్క తోటలోని మొక్కలే. ఆ తోట కాలిపోయినను, దున్నబడినను, తెగులు సోకినను, ఆ పువ్వును మరల పుట్టింప ఎవరికిని సాధ్యము కాదు. అవే తల్లిదండ్రులను తెచ్చి మరల లక్షసార్లు సంకరము చేసినను ఆ నలువదవ మొక్క మరల మొలవదు.

అట్టి స్థితిలో యుద్ధమేఘములు క్రమ్ముకొనుచుండెను. మెయాన్ ఆ కొమ్మలను పొట్లములుగా కట్టి జర్మనీకి, ఇటలీకి, అమెరికాకు పంపెను. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దండెత్తెను. మూడవనాడు ఫ్రాన్సు యుద్ధమున దిగెను. 1940 జూనులో ఫ్రాన్సు ఓడిపోయెను. 1942 నవంబరులో దక్షిణభాగము కూడ జర్మనుల చేతబడగా, లియోన్ నగరమును వారి యధీనమాయెను. అమెరికాకు పోయిన పొట్లమును గూర్చి ఒకటికి రెండు కథలు వాడుకలో నున్నవి. లియోన్‌లోని అమెరికా రాయబార కార్యాలయపు అధికారి తన సామానుతో కలిపి తీసికొనిపోయెననునది అందఱకును ఇష్టమైన కథ. కథ ఏదియైనను పొట్లము చేరవలసిన చోటికి చేరినది. పెన్సిల్వేనియాలో గులాబుల వ్యాపారము చేయుచుండిన రాబర్ట్ పైల్ ఆ కొమ్మలను అందుకొని వెంటనే అంటుకట్టించెను.

ఫ్రాన్సులో ప్రజలకు తిండి కఱవయ్యెను. గులాబి తోటలలో కూరగాయలు వేయవలసి వచ్చెను. గులాబి యెంత గొప్పదైనను ఆకలిగొన్నవాని కంటికి బంగాళదుంపయే అందమైనది. అందు తప్పేమియు లేదు. తల్లిమొక్కలు కొన్ని మిగిలినచో చాలునని మెయాన్ కుటుంబము వానిని కాపాడుకొనెను. సముద్రము ఆవలినుండి జాబులు వచ్చుట ఆగిపోయెను. పంపిన కన్నులు అచ్చట బ్రతికినవో లేదో తెలియు దారి లేకపోయెను.

ఒకే మొక్క నాలుగు దేశములలో నాలుగు పేర్లతో పెరుగుచుండెను. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ దానికి ‘మదాం ఆ. మెయాన్’ అని పేరుంచెను. ఆమె అతని తల్లి క్లోదియా. కుమారుని గొప్ప పువ్వును చూడకయే ఆమె కన్నుమూసినది. ఇటలీవారు దానిని ‘జోయా’, అనగా ‘ఆనందము’ అనిరి. జర్మనీలో దానికి ‘గ్లోరియా దేయి’, ‘దైవమహిమ’ అను లాటిను పేరు వచ్చెను. ఒండొరుల ప్రాణములు తీసికొనుచున్న దేశములు ఒకే మొక్కను జాగ్రత్తగా నీరు పోసి పెంచుచుండెను. ఏ దేశపు తోటమాలికిని తక్కిన దేశములలో దాని పేరేమో తెలియదు.

అమెరికాలో ఆ మొక్కను దేశమందలి పలు ప్రాంతములలో, ఎండ హెచ్చుగా నుండు చోట్లను, మంచు కురియు చోట్లను నాటి పరీక్షించిరి. అన్నిచోట్లను అది నిలచినది. 1945 ఏప్రిల్ 29న కాలిఫోర్నియాలోని పసడీనా పట్టణమున జరిగిన గులాబి ప్రదర్శనమున దానికి ‘పీస్’, అనగా ‘శాంతి’ అని నామకరణము చేసిరి. అప్పుడు రెండు పావురములను ఆకాశములోనికి విడిచిరి. ఆ దినముననే బెర్లిన్ పట్టుబడెనని కొన్ని పుస్తకములు వ్రాయుచున్నవి. అది సరికాదు. బెర్లిన్ లొంగినది మే 2న. ఏప్రిల్ 29న లొంగుబాటు పత్రముపై సంతకము పడినది ఇటలీలోని జర్మను సేనల విషయమున. కథ అందముకొఱకు చరిత్రను మూడు దినములు వెనుకకు జరుప నక్కఱలేదు. ఉన్న నిజమే చాలినంత వింతగా నున్నది.

అదే సమయమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున యాబది దేశముల ప్రతినిధులు సమావేశమై ఐక్యరాజ్యసమితిని నెలకొల్పు పత్రమును తయారు చేయుచుండిరి. అమెరికా గులాబి సంఘమువారు ప్రతినిధివర్గముల నాయకులకు ఒక్కొక్క శాంతి గులాబిని, లోకమునకు శాంతి కలుగవలెనను సందేశముతో పంపిరి. మన దేశమప్పటికి స్వతంత్రము కాలేదు. అయినను భారత ప్రతినిధివర్గమొకటి ఆ సభలో నుండెను. దాని నాయకుడు ఆర్కాటు రామస్వామి మొదలియారు. ఆయన కర్నూలులో జన్మించి, అచ్చటి మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదివినవాడు. 1945 జూన్ 26న భారతదేశము తరఫున ఆ పత్రముపై సంతకము చేసినదియు ఆయనయే. మొదటి ప్రపంచయుద్ధమున కుమారుని పోగొట్టుకొన్న తండ్రి పేరుపెట్టిన గులాబి సంతతి, రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ‘శాంతి’ అను పేరుతో ఆ సభకు చేరినది.

యుద్ధము ముగిసి జాబులు రాకపోకలు మొదలైన తరువాతనే తన మొక్క సముద్రముల ఆవల ఎంత విస్తరించినదో మెయాన్ కుటుంబమునకు పూర్తిగా తెలిసెను. అచ్చటి అమ్మకములలో వారి వంతు సొమ్ము కూడ లెక్కతో సిద్ధముగా నుండెను. దీనికి కారణము 1930లో అమెరికాలో చేయబడిన ఒక చట్టము. యంత్రమును కనిపెట్టినవానికి పేటెంటు హక్కు ఇచ్చినట్లే, అంటులచే పెంచు క్రొత్త మొక్కను పుట్టించినవానికిని ఆ చట్టము హక్కు కల్పించినది. ఐరోపాలో అప్పుడట్టి రక్షణ లేదు. పది పండ్రెండేండ్లు శ్రమపడి ఒకడు పుట్టించిన గులాబి కొమ్మను, ఒక రూపాయి కూడ ఇయ్యక ఎవడైనను కత్తిరించుకొనిపోయి వేలమొక్కలు చేసికొనవచ్చును. ఫ్రాన్సిస్ దీనిని అన్యాయమని తలచెను. శాంతి గులాబి తెచ్చిన సొమ్ముతో తృప్తిపడి ఊరకుండక, మొక్కలను పుట్టించువారి హక్కుకొఱకు న్యాయస్థానములలోను ప్రభుత్వముల యెదుటను వాదించుచునే యుండెను. 1961లో పారిస్ నగరమున క్రొత్త మొక్కరకముల రక్షణకై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. దానిని చూచుటకు ఆయన లేడు.

భారతదేశమున ఇట్టి చట్టము 2001లో వచ్చినది. అందు పెంపకందారుల హక్కులతోపాటు, తన పంట విత్తనమును దాచుకొని మరల విత్తుకొను రైతు హక్కును కూడ చేర్చిరి. ఈ రెంటిలో ఒకదానిని మాత్రమే రక్షించు చట్టము మన దేశమునకు సరిపడదు.

శాంతి గులాబి తానే తల్లియు తండ్రియునై పెక్కు రకములకు జన్మమిచ్చినది. అప్పుడప్పుడు ఒక మొక్కలో ఒక కొమ్మ మాత్రము తనంతట తాను మార్పుచెంది వేఱు వన్నెల పువ్వులు పూయుట కలదు. ఆ కొమ్మ కంటిని అంటుకట్టినచో అది క్రొత్త రకమగును. 1962లో వెలువడిన ‘షికాగో పీస్’ అట్లు వచ్చినదే; శాంతి కంటె దాని వన్నె గాఢముగా నుండును. 1976లో ప్రపంచ గులాబి సంఘముల సమాఖ్య జగత్ప్రసిద్ధములగు గులాబులకు గౌరవస్థానము నేర్పఱచినపుడు, అందు మొదట చేరినది శాంతియే.

మన దేశమునందును గులాబులు పుట్టించిన ఘనులు లేకపోలేదు. గోధుమ పైరులో చేసిన పరిశోధనచే ప్రసిద్ధుడైన డాక్టరు బి. పి. పాల్, ఢిల్లీలో వ్యవసాయ పరిశోధన నడపుచునే, ‘ఢిల్లీ ప్రిన్సెస్’, ‘డాక్టర్ హోమీ భాభా’ మొదలగు గులాబులను సృజించెను. కుంకుమతెగులును తట్టుకొను గోధుమను వెదకిన కన్నే గులాబి వన్నెను గూడ వెదకినది. రెంటికిని కావలసినది సంకరవిద్యయే.

ఫ్రాన్సిస్ మెయాన్ 1958లో నలువదియాఱేండ్ల వయస్సున మరణించెను. ఆయన భార్య లూయిసెత్ ఇటలీ దేశపు గులాబి పెంపకందారుని కుమార్తె. తానును క్రొత్త రకములను పుట్టింప నేర్చినది. తండ్రి పోవునప్పటికి కుమారుడు అలెన్‌కు ఇరువదియేండ్లైన నిండలేదు. తల్లీకొడుకులు తోటను విడువలేదు. 1963లో అలెన్ ముదురెఱుపు వన్నెయు, గాఢమగు పరిమళమును గల క్రొత్త గులాబి నొకదానిని వెలువరించెను. దానికి ‘పాపా మెయాన్’ అని తాతగారి పేరు పెట్టెను. నలువదవ మొక్క ఆకులమీద ముందుగా చూపు నిలిపిన ఆ వృద్ధుడు అప్పటికి జీవించియే యుండెను.